తాతల నాటి ఇల్లు: ఎవరు ఎప్పుడు పోయారన్నదే అసలు దస్తావేజు

పాత ఇంటి మాట వచ్చినప్పుడు అందరూ ముందుగా అడిగేది "ఇల్లు ఎవరి పేరున ఉంది?" అని. జవాబులు కూడా వెంటనే వస్తాయి. దస్తావేజు ముత్తాత పేరున ఉంది. పన్ను రసీదు పెదనాన్న పేరున వస్తోంది. కరెంటు మీటరు నాన్న పేరున ఉంది. ఈ మూడు మాటలూ ఒకే ఇంటి గురించి కావచ్చు, మూడూ నిజమే కావచ్చు. అయినా ఇవాళ ఆ ఇల్లు ఎవరిదో వాటిలో ఏ ఒక్కటీ చెప్పదు.

నా ఉద్దేశంలో అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ ఇంట్లో ఎవరు, ఏ సంవత్సరంలో, ఎవరెవరిని వదిలి కన్నుమూశారు? ఆ రోజున ఏ చట్టం అమల్లో ఉంది? అమ్మకాలూ కొనుగోళ్లూ జరిగినప్పుడే ఇల్లు చేతులు మారుతుందని అనుకుంటాం. తరాలుగా ఒకే కుటుంబంలో ఉన్న ఇల్లు ఎక్కువగా చేతులు మారేది చావుల వల్ల. ఆ మార్పుకు స్టాంపు కాగితం ఉండదు, సాక్షుల చేవ్రాళ్లు ఉండవు, రిజిస్ట్రారు ముద్ర ఉండదు. వీలునామా లేకుండా మనిషి పోయిన క్షణంలోనే ఆయన వాటా వారసులకు చేరిపోతుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకపోయినా సరే, చేరిపోతుంది.

ఇదంతా ఊరికే చెబితే పట్టుబడదు. ఒక ఇంటిని ఊహించుకుందాం. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక మండువా ఇల్లు. దాన్ని 1936లో ముత్తాత తన సొంత సంపాదనతో కొన్నాడు. ఆయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఆయన తర్వాత ఆ ఇంటిని ఎవరూ అమ్మలేదు, ఎవరూ కాగితం రాసి పంచుకోలేదు. ఇంతకంటే సరళమైన కథ ఉండదనిపిస్తుంది కదా.

పెట్టెలో ఉన్న కాగితం

ముందు ఆ 1936 నాటి విక్రయ దస్తావేజు చూద్దాం. జార్జి రాజు బొమ్మ ఉన్న స్టాంపు కాగితం, మడతల దగ్గర చిరుగులు, కలం ముంచి రాసిన గొలుసుకట్టు రాత. పాత దస్తావేజు చేతికి వస్తే నేను మొదట చదివేది పేర్లు కాదు, చివరన ఉండే షెడ్యూలు. తూర్పు రాజబాట, దక్షిణం ఫలానావారి పెరటి గోడ, పడమర ఉమ్మడి నుయ్యి, అందులో సగం హక్కు, ఉత్తరం ఫలానావారి పాక. మనుషులు మారిపోతారు, సర్వే నంబర్లు మారిపోతాయి, హద్దులు మాత్రం ఇంటిని నేలకు కట్టేసి ఉంచుతాయి. హద్దులకూ విస్తీర్ణానికీ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దుల వైపే మొగ్గుతాయి.

ఆ తర్వాత చదవాల్సింది అమ్మినవారు తమ హక్కు గురించి చెప్పుకున్న మాట. "నా స్వార్జితమై, నా స్వాధీనానుభవంలో ఉన్న" అన్నారా, "నాకు పిత్రార్జితంగా సంక్రమించిన" అన్నారా? ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. పిత్రార్జితం అయితే అమ్మిన మనిషికి కొడుకులున్నారా, వాళ్లు సంతకం చేశారా, లేదా కుటుంబ పెద్దగా కుటుంబ అవసరం కోసమే అమ్ముతున్నట్టు రాశాడా అన్నది చూడాలి. నిధి నిక్షేప జల తరు పాషాణాలతో సహా అష్టభోగాలూ అప్పగించానని చెప్పే పొడవైన వాక్యం వినసొంపుగా ఉంటుంది కానీ, అమ్మినవాడికి లేని హక్కును ఆ వాక్యం ఇవ్వలేదు.

దస్తావేజు వెనక పక్క కూడా తిప్పి చూడాలి. ఎప్పుడు, ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో, 1వ పుస్తకం ఏ వాల్యూములో, ఏ పేజీల్లో, ఏ నంబరుగా నమోదైందో అక్కడ ఉంటుంది. అసలు కాగితం చెదలు పట్టిపోయినా ఈ నంబరు ఒక్కటి తెలిస్తే ధ్రువీకరించిన నకలు తెచ్చుకోవచ్చు. స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలోకి వెళతాయి, దాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. ఇది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఇచ్చిన సౌకర్యం. ఒక్క చిక్కు ఉంది. ఆనాటి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పరిధి ఇవాళ అలాగే ఉండకపోవచ్చు. ఊరు తర్వాత పుట్టిన మరో ఆఫీసు కిందికి వెళ్లి ఉండవచ్చు, 2022లో జిల్లా పేరే మారిపోయి ఉండవచ్చు. పాత పుస్తకాలు పాత ఆఫీసులోనే ఉంటాయి. అక్కడికే వెళ్లి వెతికించుకోవాలి.

తెలంగాణ పల్లెలో ఇదే కాలపు కాగితమైతే అది ఉర్దూలో ఉండవచ్చు, సంవత్సరం ఫసలీలో, అంటే పాత పన్నుల లెక్కల సంవత్సరంలో ఉండవచ్చు, ధర నిజాం నాణెమైన హాలీ సిక్కాలో ఉండవచ్చు. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1346 అంటే 1936లో మొదలైన ఏడాది. కోస్తాలోని పాత పన్ను రసీదుల మీద కూడా ఫసలీయే కనిపిస్తుంది కాబట్టి ఈ చిన్న కూడిక గుర్తుంచుకోవడం మేలు.

1951: ముత్తాత

ముత్తాత 1951లో వీలునామా రాయకుండా పోయాడు. హిందూ వారసత్వ చట్టం ఇంకా రాలేదు. హిందువుల ఆస్తి హక్కులను నడిపిన పాత మితాక్షర ధర్మశాస్త్రం, దాని మీద 1937లో వచ్చిన హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం నడుస్తున్నాయి. 1937 చట్టం ప్రకారం భర్త సొంత ఆస్తిలో భార్యకు ఒక కొడుకుతో సమానమైన వాటా వస్తుంది. అంటే తాతమ్మకు మూడో వంతు, ఇద్దరు కొడుకులకు చెరో మూడో వంతు. కూతురికి ఏమీ రాదు.

తాతమ్మకు వచ్చిన మూడో వంతుకు ఒక సంకెల ఉంది. అది పరిమిత హక్కు. బతికినంతకాలం అనుభవించవచ్చు, అమ్ముకోవడానికి కుటుంబ అవసరంలాంటి గట్టి కారణం ఉండాలి. ఆమె తర్వాత అది ఆమె వారసులకు కాక భర్త వారసులకు వెళుతుంది. "ఆవిడకేముంది, తిండీ బట్టే కదా" అని తర్వాతి తరాలు అనుకోవడానికి మూలం ఇక్కడే ఉంది. (ఈ 1937 చట్టం బ్రిటిష్ ఇండియాది. నిజాం రాజ్యానికి అది దానంతట అది వర్తించలేదు. తెలంగాణలోని ఇంటికి 1956కు ముందు పోయినవారి లెక్క వేరుగా వేయాలి.)

1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. అందులోని 14వ సెక్షన్ తాతమ్మ కాలి సంకెలను ఒక్క వాక్యంతో తీసేసింది. హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి, చట్టానికి ముందు వచ్చినదైనా తర్వాత వచ్చినదైనా, ఇకపై ఆమె సంపూర్ణ సొత్తు. తాతమ్మ ఆ రోజు కూడా ఎప్పటిలాగే పొయ్యి ముందు కూర్చుని ఉండి ఉంటుంది. తాను ఇంట్లో మూడో వంతుకు పూర్తి యజమానురాలు అయిందని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక వితంతువు కేసులో 1977లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను చాలా విశాలంగా చదివింది. భరణం కింద ఇచ్చిన ఆస్తి, కాగితం మీద "జీవితకాల హక్కు మాత్రమే" అని ఉన్నా, అప్పటికే ఉన్న భరణపు హక్కుకు బదులుగా వచ్చింది గనుక సంపూర్ణ హక్కు అవుతుందని చెప్పింది. పాత కాగితంలో "బతికినంతకాలం అనుభవించి, తదనంతరం" అన్న మాటలు కనిపిస్తే అక్కడితో ఆగిపోకూడదు. ఆ హక్కు ఆమెకు ఎందుకు ఇచ్చారో కూడా చూడాలి.

1968: తాతమ్మ

తాతమ్మ 1968లో పోయింది. కుటుంబ కథల్లో ఈ చావుకు ఆస్తిపరంగా ఏ ప్రాధాన్యమూ ఉండదు. "తాతగారి ఇల్లు కొడుకులిద్దరికీ వచ్చింది" అనే చెబుతారు. చట్టం అలా చెప్పదు. ఆమె మూడో వంతు ఆమె సొంతం. అది 15వ సెక్షన్ ప్రకారం ఆమె పిల్లలందరికీ సమానంగా వెళ్లాలి, కొడుకులకూ కూతురికీ కలిపి. అంటే తలా తొమ్మిదో వంతు.

ఇప్పుడు లెక్క చూడండి. కొడుకులకు తండ్రి వైపు నుంచి మూడో వంతు, తల్లి వైపు నుంచి తొమ్మిదో వంతు. కలిపితే చెరో 4/9. కూతురికి 1/9. "ఆ రోజుల్లో ఆడపిల్లకు హక్కు లేదు" అనే మాట 1951లో నిజం. 1968లో నిజం కాదు. అదే ఇంట్లో, అదే కూతురికి, పదిహేడేళ్ల తేడాతో రెండు వేరువేరు జవాబులు వచ్చాయి. నేను చెప్పదలచుకున్నది అంతా ఈ తొమ్మిదో వంతులో ఉంది. పాత ఇళ్ల చరిత్రలో కనిపించకుండా పోయిన వాటాలు చాలావరకు ఇలాంటివే. తల్లి ద్వారా వచ్చి, ఏ కాగితం మీదా రాయకుండా ఉండిపోయినవి.

ఆ కూతురు తన వాటా అడగవచ్చు కదా అంటే, అక్కడ మరో తలుపు మూసి ఉంది. అదే చట్టంలోని 23వ సెక్షన్. కుటుంబం కాపురం ఉంటున్న ఇంటి విషయంలో, మగ వారసులు తమంతట తాము పంచుకుంటేనే తప్ప ఆడవారసులు పంపకం కోరకూడదని అది చెప్పింది. ఉండే హక్కు ఉంది, అదీ కూతురైతే పెళ్లికానిదో, భర్త వదిలేసినదో, భర్త నుంచి విడిగా ఉంటున్నదో, వితంతువో అయితేనే. అంటే 1/9 ఆమెదే, కానీ అన్నదమ్ములు పంచుకునే వరకు దాన్ని విడదీయమనే దారి లేదు. ఈ సెక్షన్‌ను 2005లో ఎత్తేశారు. దాదాపు యాభై ఏళ్లు అది పుట్టింటి గడప దగ్గర నిలబడి ఉంది. "ఇన్నేళ్లూ అడగని ఆవిడ ఇప్పుడెందుకు అడుగుతోంది" అనేవాళ్లకు ఆ యాభై ఏళ్ల సంగతి తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అడగకపోతే వాటా పోతుందా? పన్నెండేళ్లు స్వాధీనంలో ఉంటే ఆస్తి సొంతమైపోతుందని చాలామంది నమ్ముతారు. బయటివారి విషయంలో పన్నెండేళ్ల నియమం ఉంది, దానికీ షరతులు చాలా ఉన్నాయి. సహ యజమానుల మధ్య మాత్రం ఒకరు ఇంట్లో ఉండటం అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. "నీకు ఇందులో హక్కు లేదు పో" అని బాహాటంగా తేల్చిచెప్పి, అది ఆమెకు తెలిసి, ఆ తర్వాత కాలం గడిచిపోతే తప్ప స్వాధీనం అన్నది ఆమె వాటాను తినేయదు. పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చాం, కట్నం ఇచ్చాం అన్న మాట కూడా ఈ తొమ్మిదో వంతుకు సమాధానం కాదు. ఆమె వదులుకోవాలంటే రిజిస్టరైన విడుదల దస్తావేజు రాయాలి. ఖాళీ తెల్లకాగితం మీద పెట్టించుకున్న వేలిముద్ర అందుకు సరిపోదు.

ఆమె 1994లో పోయిందనుకుందాం. ఆ 1/9 ఆమె కొడుకులు, కూతుళ్లు, భర్తకు సమానంగా వెళుతుంది. ఈ మండువా ఇంట్లో ఒక్క రాత్రి కూడా నిద్ర చేయని అల్లుడు దీనికి ఒక యజమాని అవుతాడు. కొనడానికి వచ్చినవారి వకీలు మొదట వేలు పెట్టేది సరిగ్గా ఇక్కడే.

1979, ఆ తర్వాత

పెద్దకొడుకు 1979లో పోయాడు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. ఆయన చేతిలో ఉన్న 4/9 ఒకే రకం ఆస్తి కాదు. తండ్రి నుంచి 1951లో వచ్చిన మూడో వంతు పాత ధర్మశాస్త్రం ప్రకారం పిత్రార్జితం, అందులో కొడుక్కి పుట్టుకతోనే సగం ఉంది. తల్లి నుంచి వచ్చిన తొమ్మిదో వంతు ఆయన సొంతం. 1956 చట్టం ఆనాడు ఉన్న రూపంలో, చనిపోవడానికి ఒక్క క్షణం ముందు పంపకం జరిగినట్టు ఊహించుకోమంటుంది. ఆ ఊహాపంపకంలో ఆయనకు పడే 1/6ను, ఆయన సొంత 1/9ను మాత్రమే నలుగురు వారసులకు పంచాలి. లెక్క తేలేది ఇలా. కొడుక్కి ఇంటిలో 17/72, భార్యకు 5/72, కూతుళ్లకు చెరో 5/72. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నకు చెల్లెలి వాటాకు మూడింతల కంటే ఎక్కువ.

ఇక్కడ తల్లి ముందే పోయింది కాబట్టి లెక్క ఇంతటితో ఆగింది. కొడుకు పోయేనాటికి తల్లి బతికి ఉంటే భార్యా పిల్లలతో సమానంగా ఆమెకూ ఒక వాటా వస్తుంది. తండ్రికి మాత్రం రాదు. ఆ తల్లి పోయాక ఆమె వాటా మళ్లీ ఆమె మిగతా పిల్లలకూ వెళుతుంది. అన్న ఆస్తిలో తమ్ముడికి వాటా ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయే సందర్భాల్లో కారణం తరచుగా ఈ తల్లి వాటానే. మనవాళ్లు వేసుకునే వాటాల లెక్కల్లో అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయే మనిషి ఆమె.

చిన్నకొడుకు వైపు వద్దాం. ఆయనకు ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయి పెళ్లి 1984లో, చిన్నమ్మాయి పెళ్లి 1987లో. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టానికి సవరణ చేసింది. 1986లో వచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. పిత్రార్జితంలో కూతురికీ కొడుకులాగే పుట్టుకతో హక్కు ఇచ్చింది. దేశంలో ఇలా చేసిన మొదటి రాష్ట్రం మనదే, అది చిన్న విషయం కాదు. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లను వదిలేసింది. అందువల్ల చిన్నమ్మాయికి హక్కు వచ్చింది, ఏడాది ముందు పెళ్లయిన పాపానికి పెద్దమ్మాయికి రాలేదు. ఒకే మంచం మీద పడుకుని పెరిగిన అక్కచెల్లెళ్ల మధ్య చట్టం పెళ్లి శుభలేఖ చూసి గీత గీసింది.

ఆ గీతను 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ చెరిపేసింది. పెళ్లయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఉంటుంది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా జరిగిపోయిన పంపకాలనూ అమ్మకాలనూ మాత్రం కదపకూడదు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న విషయంలో తీర్పులు ఒకదానికొకటి ఎదురు నడిచాయి. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అక్కర్లేదని తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చేది గనుక తండ్రి ఎప్పుడు పోయాడన్న దానితో పనిలేదు. 1979లో జరిగినట్టు ఊహించుకున్న పంపకం నిజమైన పంపకం కాదని కూడా చెప్పింది. కాబట్టి మన ఇంట్లో పెద్దకొడుకు కూతుళ్లు 2005 సెప్టెంబరు 9 నాటికి బతికి ఉండి, ఇల్లు పంచకుండా ఉంటే, ఆ పిత్రార్జిత భాగంలో వాళ్లు అన్నతో సమానంగా నిలుస్తారు. 17/72, 5/72 అన్న లెక్క మళ్లీ వేయాలి.

ఇలా ఒక్క అమ్మకమూ లేని, ఒక్క పంపకపు కాగితమూ లేని ఇల్లు 1951, 1956, 1968, 1979, 1994, 2005 సంవత్సరాల్లో హక్కుల రూపం మార్చుకుంటూ వచ్చింది. దస్తావేజు మీద మాత్రం ఇప్పటికీ ముత్తాత పేరే ఉంది.

ఇదంతా హిందూ చట్టం వర్తించే కుటుంబాల లెక్క. క్రైస్తవ కుటుంబానికి 1925 నాటి భారత వారసత్వ చట్టం, ముస్లిం కుటుంబానికి షరియత్. లెక్కలు వేరు, పద్ధతి అదే: చావుల తేదీలు, ఆ తేదీల నాటి నియమాలు.

"మేం ఎప్పుడో పంచుకున్నాం"

ఈ మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నోటిమాటతో పంచుకోవడం హిందూ ధర్మశాస్త్రంలో చెల్లుతుంది. చిక్కు వచ్చేది దాన్ని కాగితం మీద పెట్టినప్పుడు. పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న పారీఖత్తు ఒకటి బయటపడిందనుకుందాం. అందులో "ఈ దినమున ఈ కింది విధంగా పంచుకుంటున్నాము" అని ఉంటే ఆ కాగితమే పంపకం చేసినట్టు. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, లేకపోతే హక్కుకు రుజువుగా కోర్టు తీసుకోదు. "ఇదివరకే పంచుకుని ఎవరి భాగం వారు అనుభవిస్తున్నాము, జ్ఞాపకార్థం ఇప్పుడు రాసుకున్నాము" అని ఉంటే అది జరిగిపోయిన దాన్ని చెప్పే కాగితం, రిజిస్ట్రేషన్ లేకపోయినా నిలబడవచ్చు. "పంచుకుంటున్నాము", "పంచుకున్నాము". ఆనాడు రాసిన కరణం గారి చేతిలో ఒక క్రియాపదం ఎటు తిరిగిందో దాని మీద ఇవాళ ఒక కుటుంబం ఆధారపడి ఉంటుంది.

అయితే కూతుళ్ల హక్కును తప్పించడానికి నోటి పంపకం కథ చెబితే చెల్లదు. 2005 సవరణ కింద పంపకమంటే రిజిస్టరైన దస్తావేజు లేదా కోర్టు డిక్రీ. నోటి పంపకాన్ని అరుదైన సందర్భాల్లో, అదీ ప్రభుత్వ రికార్డుల మద్దతు ఉంటేనే ఒప్పుకుంటామని 2020 తీర్పు గట్టిగా చెప్పింది.

ఈసీ, అంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ గురించి కూడా ఒక భ్రమ ఉంది. ఈసీ నిల్ వచ్చిందంటే ఏ గొడవా లేదని అనుకుంటారు. అది చెప్పేది ఒక్కటే: అడిగిన కాలంలో, ఆ ఆఫీసులో, ఈ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీ ఉందా లేదా అని. చావులు అందులోకి రావు. నోటి పంపకాలు రావు. వీలునామాలు రిజిస్టరైనా 3వ పుస్తకంలోకి వెళతాయి కాబట్టి ఈసీలో కనిపించవు. మన మండువా ఇంటికి ఈసీ తీస్తే నిల్ అనే వస్తుంది. ఇంతమంది వాటాదార్లున్నా నిల్. పైగా కంప్యూటర్లో దొరికేది 1983 నుంచి ఉన్న సమాచారం. అంతకు ముందుది ఆఫీసులో పుస్తకాలు తిరగేయించి తీసుకోవాల్సిందే, అది తీయకుండా పాత ఇల్లు కొనడం మంచిది కాదు.

ఇంటి పన్ను రసీదు స్వాధీనానికి సాక్ష్యం, అందువల్ల దాన్ని భద్రంగా దాచుకోవాలి. కానీ పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ రిజిస్టరులో పేరు మార్చినంత మాత్రాన హక్కు మారదు. అది పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో రాసుకున్న లెక్క మాత్రమే. గ్రామకంఠంలోని ఇళ్లకు మాత్రం ఈ రసీదులకు విలువ ఎక్కువ. ఎందుకంటే అక్కడ చాలా ఇళ్లకు దస్తావేజే ఉండదు, తరతరాల స్వాధీనమే ఆధారం. అలాంటి నివాస ప్రాంతాలను డ్రోన్లతో కొలిచి ఇంటి యజమానులకు కార్డులు ఇవ్వడానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. ఊళ్లో సర్వే జరిగేటప్పుడు ఇంట్లో ఉన్న ఒక్కరి పేరే రాయించుకుని సంతకం చేస్తే పాత చిక్కు కొత్త కార్డులోకి ఎక్కుతుంది. బయట ఊళ్లలో ఉన్న వాటాదార్లకు ఆ రోజు ఒక ఫోను చేయడం ధర్మం.

వాటాదార్లలో ఒకరు తన వాటాను బయటివాడికి అమ్మేస్తే? అమ్మవచ్చు. కానీ కుటుంబం ఉంటున్న ఇంట్లో వాటా కొన్న పరాయివాడు నేరుగా వచ్చి కాపురం పెట్టలేడు, పంపకానికి దావా వేయాలి. అలా వేసినప్పుడు 1893 నాటి పంపకాల చట్టం కింద కుటుంబ సభ్యులు ఆ వాటాను కోర్టు కట్టిన ధరకు తామే కొనుక్కునే వీలుంది. ఇంటిని ముక్కలు చేయడం కుదరదనుకుంటే అమ్మి డబ్బు పంచమని సగానికి తగ్గని వాటా ఉన్నవారు కోర్టును కోరవచ్చు. ఇల్లు నిలబెట్టాలనుకునేవారికి ఈ రెండు సంగతులూ ముందే తెలిసి ఉండాలి.

తేదీలు ఎక్కడ దొరుకుతాయి

అన్నిటికీ మూలం చావుల తేదీలే అన్నాం. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకు ముందు పోయినవారికి చాలా కుటుంబాల్లో ధ్రువపత్రం ఉండదు. "స్వాతంత్ర్యం వచ్చాక నాలుగైదేళ్లకు" అంటారు, "పెద్ద తుపాను ఏడు" అంటారు. నాలుగైదేళ్ల తేడా మామూలుగా పెద్ద విషయం కాదు. 1956 జూన్ 17కు అటూ ఇటూ అయితే ఒక కూతురి వాటా ఉండటమూ లేకపోవడమూ దాని మీదే ఉంటుంది.

కానీ మన ఇళ్లలో తేదీ మరిచిపోయినా తిథి మరిచిపోరు. ఏటా తద్దినం పెట్టాలి గదా. తిథి, మాసం ఇంట్లో వంట చేసిన కోడలికి నోటికి వచ్చి ఉంటాయి, పోయిన సంవత్సరం పేరు కూడా చాలామందికి గుర్తుంటుంది. ఖర నామ సంవత్సరం అంటే 1951 ఉగాది నుంచి 1952 ఉగాది వరకు. దుర్ముఖి అంటే 1956 ఉగాది నుంచి 1957 ఉగాది వరకు. చట్టం వచ్చింది ఈ దుర్ముఖి నడుమనే. ఒక పెద్దాయన దుర్ముఖి చైత్రంలో పోయి ఉంటే పాత ధర్మశాస్త్రం. దుర్ముఖి శ్రావణంలో పోయి ఉంటే కొత్త చట్టం, ఆయన కూతుళ్లకూ కొడుకులతో పాటు ఆయన సొంత ఆస్తిలో వాటా. మధ్యలో ఉన్నది నాలుగు నెలల తేడా. పాత పంచాంగం తీసి చూస్తే తిథికి ఇంగ్లీషు తేదీ దొరుకుతుంది. అది కోర్టులో ఒంటరిగా నిలబడే రుజువు కాకపోయినా ఏ రిజిస్టరులో, ఏ బడి రికార్డులో, ఏ కాలపు ఈసీలో వెతకాలో దారి చూపిస్తుంది.

అందువల్ల పాత ఇంటి చరిత్ర తీయాలనుకునేవారు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లే ముందు ఇంట్లోనో దూరపు ఊళ్లోనో మిగిలి ఉన్న పెద్ద ముత్తైదువ దగ్గరికో, అత్తయ్య దగ్గరికో వెళ్లి కూర్చోవాలి. ఒక తెల్లకాగితం మీద వంశవృక్షం గీసి, ఒక్కో పేరు పక్కన ఆవిడ చెప్పిన సంవత్సరం, మాసం, తిథి రాసుకోవాలి. అల్లుళ్ల పేర్లు, పుట్టింటికి తిరిగొచ్చి పోయిన ఆడపడుచుల పేర్లు, చిన్నతనంలో పోయిన కొడుకుల పేర్లు కూడా. "ఆవిడ సంగతి ఎందుకులే, ఆడపిల్ల" అని ఎవరైనా పక్కనుంచి అంటే, ఆ పేరునే ముందుగా రాయాలి.